బఠాణీ తరువాత గోధుమ

పెద్దచేను రైతుకు రెండో భార్యను, ఆయన పోయాక ఆ చేనుకు రైతును, పిండి మర పరీక్ష గదిలో గింజ కోసి నాణ్యం చెబుతూ జీవితమంతా గడిపినదాన్ని అయిన నేను, నా తదనంతరం నా వాళ్ళు ఎవరితోనూ గొంతు చించుకోకుండా ఉండాలని ఈ వీలునామా రాయిస్తున్నాను. మాటలు నావి, దస్తూరీ లాయరమ్మది. నా గుండె లయ తప్పిందని డాక్టరు చెప్పాడు. బుద్ధి లయ తప్పిందని ఇంతవరకు ఎవరూ అనలేదు, మా మరిది తప్ప. ఆయన ఆ మాట నా పెళ్ళి నాటి నుంచీ అంటున్నాడు కనుక దాన్ని కొత్త జబ్బుగా లెక్కవేయనక్కర లేదు.

నన్నెవరూ బెదిరించి, మభ్యపెట్టి, బతిమాలి ఇది రాయించడం లేదు. బతిమాలే మనిషి ఒకరు ఇంట్లో ఉంటే బాగుండునని అనిపించే సాయంకాలాలు ఉన్నాయి. అది ఇక్కడ అప్రస్తుతమని లాయరమ్మ అంటోంది. అయినా రాయమన్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపించే బాధ్యత మర యజమానికి అప్పగిస్తున్నాను. యజమాని అంటే పెద్దాయన కాదు, ఇప్పుడు మర నడుపుతున్న ఆయన కూతురు. పెద్దాయన మంచివాడే గాని నన్ను ఏళ్ళ తరబడి నిలబెట్టి పని చేయించాడు. స్టూలు అడిగితే, "కూర్చుంటే నిద్రొస్తుందమ్మా" అనేవాడు. చివరికి నా స్టూలు నేనే కొనుక్కున్నాను. ఆ స్టూలునూ, గింజలు అడ్డంగా కోసే చిన్న కత్తినీ, భూతద్దాన్నీ ఆ అమ్మాయికి ఇస్తున్నాను. ఆ స్టూలు మీద వాళ్ళ నాన్నని మాత్రం కూర్చోనివ్వరాదని షరతు పెట్టించాను. నిన్న ఆయన మెట్లెక్కడం చూశాక ఆ షరతు కొట్టేయించాను.

2. నేను ఉంటున్న ఇల్లు, అంటే రెండు గదులు, ముందు వరండా, వెనుక చిన్న మడి, గాదె, అందులోని సామాను యావత్తూ నా భర్త కూతురికి చెందాలి. దాని అసలు పేరు ఇక్కడ రాస్తే అది కూడా గుర్తుపట్టదు. వాగుడు ఆపదని వాళ్ళమ్మ దానికి గిలక అని పేరు పెట్టింది, అదే నిలిచిపోయింది. గిలక ఇప్పుడు పట్నంలో రొట్టెల బట్టీ నడుపుతోంది. వంటగది కిటికీ రెక్క వానాకాలంలో బిగుసుకుపోతుంది. దాన్ని లాగకూడదు, కింద నుంచి పైకెత్తాలి.

తలుపు వెనుక కొక్కేనికి నా భర్త స్వెట్టరు తగిలించి ఉంది. అది ఎవరికీ రాయడం లేదు. నన్ను పంపేటప్పుడు నాతో పాటు పంపించండి.

3. పెద్దచేను అని పిలవబడే సాగుభూమిని, దానిలోని బావి, మోటారు, గట్లతో సహా, దాన విక్రయాది సర్వ హక్కులతో పై గిలకకే రాసిస్తున్నాను. హద్దులు: తూర్పున మరకు వెళ్ళే కంకర రోడ్డు. దక్షిణాన కాలువ. ఉత్తరాన రాళ్ళ వరస. పడమర మా మరిది చేను. మధ్యనున్న గట్టు ఆయన దున్నినప్పుడల్లా కాస్త కాస్త సన్నబడుతూ వచ్చింది కనుక వారసురాలు ఒకసారి కొలిపించుకోవడం మంచిది.

4. ఈ భూమి నా భర్త నా పేర రాయించిన దస్తావేజు వల్ల నాకు వచ్చింది. కన్నకూతురిని పక్కనబెట్టి రెండో పెళ్ళాం పేర రాశాడేమిటని అప్పట్లో అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. నేనేదో మందు పెట్టానని కూడా అన్నారు. గిలక మాత్రం నన్ను ఒక్క మాట అడగలేదు. అంత వాగుడుకాయ ఆ ఒక్క సంగతిలో నోరు మెదపకపోవడం నాకు ఇన్నేళ్ళూ ముల్లులా ఉంది. అడగని ప్రశ్నకి జవాబు చెప్పడం కష్టం కనుక ఇక్కడ చెబుతున్నాను. ఇది పొడుగవుతుంది. లాయరమ్మకు టీ ఇచ్చి కూర్చోబెట్టాను.

నేను ఆయన్ని చూడకముందు ఆయన గోధుమను చూశాను. మర ముందు బళ్ళు వరసగా ఆగి ఉన్నాయి. ప్రతి బండి నుంచీ గుప్పెడు గింజలు నా బల్ల మీదికి వచ్చేవి. ఆ గుప్పెడులో ఏ గింజ కోసినా లోపల గాజులా ఉంది, తేనెరంగు. ఆ గోధుమ పిండి తడిపి ముద్ద చేసి కుళాయి కింద కడిగాను. తెల్లటి గంజి అంతా కొట్టుకుపోయాక వేళ్ళ మధ్య మిగిలేదే జిగురు. రొట్టె పొంగేది దానివల్లే. మామూలుగా అది లాగితే తెగుతుంది. ఇది జానెడు సాగి మళ్ళీ దగ్గరికి వచ్చింది. నేను తల బయటపెట్టి, "ఎవరిదండీ ఈ సరుకు?" అని అడిగాను. భుజం మీద పిల్లనెక్కించుకున్న ఒకాయన ముందుకు వచ్చాడు. "మా ఆవిడ విత్తిందండీ" అన్నాడు. నాది అనలేదు. విత్తిన వారంలోనే ఆవిడ జ్వరంతో పోయిందని, మొలక కూడా చూడలేదని పక్క బండివాడు తరువాత చెప్పాడు.

రెండేళ్ళకి మర పెద్దాయనే మధ్యన ఉండి మా పెళ్ళి మాట్లాడాడు. నాకప్పటికి పెళ్ళి వయసు దాటిపోయిందని మా వాళ్ళు ఆశ వదులుకున్నారు. నేను వదులుకోలేదని ఎవరికీ తెలియదు. ఆ ఇంటికి వెళ్ళిన రోజున గిలక నన్ను ఎగాదిగా చూసి, "నా పళ్ళు ఊడిపోతున్నాయి, నువ్వేం చెయ్యగలవు?" అని అడిగింది. "ఏమీ చెయ్యలేను. కొత్తవి వాటంతటవే వస్తాయి" అన్నాను. ఆ జవాబు దానికి నచ్చింది. మర్నాటి నుంచి పిన్నీ అని పిలిచింది.

దాన్ని మచ్చిక చేసుకోవడం తేలిక. ఆయనతోనే కష్టం. ఆయన కోపిష్టి కాదు, తాగుబోతు కాదు, నా వంట బాగాలేదన్న పాపాన పోలేదు. పోయిన మొదటి భార్య, నా మాటల్లో అక్క, చివరగా విత్తిన గోధుమ నుంచి విత్తనం తీసి దాచాడు. ఏటేటా అదే విత్తనం, అదే చేనులో, అదే వారంలో విత్తేవాడు. మొలక వచ్చిన ఉదయం గట్టు మీద నిలబడి చూసేవాడు. ఆమె చూడలేకపోయిన దాన్ని ఆమె తరఫున చూస్తున్నాడని నాకు మొదటి ఏడే అర్థమైంది. నేను టీ పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. కప్పు అందుకునేవాడు. "చలిగా ఉంది, ఎందుకొచ్చావు?" అనేవాడు, మొలకల్నే చూస్తూ. ఆ చూపులో సగం నా వైపు తిరిగితే చాలునని అనుకునేదాన్ని. పోయినామె మీద ఈర్ష్య పడడానికి కూడా సిగ్గేసేది. ఆమెను మనసులో అక్కా అనే పిలుచుకున్నాను, ఇప్పటికీ అంతే.

చేను మాత్రం ఊరుకోలేదు. ఒకే పంట ఒకే చోట వేస్తూ పోతే ఆ పంటకు పనికొచ్చే సత్తువనే అది ఏటేటా పీలుస్తుంది. దాని వేళ్ళను తినే పురుగూ బూజూ అక్కడే కాపురం పెడతాయి. మూడో ఏటికి నేల రంగు వెలిసింది. వాన పడితే పైన అట్ట కట్టేది, ఎండితే పలకలు పలకలుగా పగిలేది. మా మరిదిది ఎరువుల కొట్టు. "అన్నయ్యా, ఇంకో బస్తా యూరియా వెయ్యి. చేను నల్లగా నిగనిగలాడకపోతే నన్నడుగు" అనేవాడు. నిజంగానే నిగనిగలాడేది. మొదట్లోనే అంతా చల్లేయడంతో ఆకే మేసేసేది, కొంత నీళ్ళతో కిందికి దిగిపోయేది, గింజ పాలు పోసుకునే వేళకి నేలలో ఏమీ మిగిలేది కాదు. ఏపుగా పెరిగిన పైరు కాస్త గాలికే చాప చుట్టినట్టు పడిపోయేది. బస్తాలకు మాత్రం లోటు లేదు. తూకం బాగానే ఉందిగా అని నా భర్త తృప్తి.

ఆ తూకం వెనకాల ఏముందో నా బల్ల మీద తెలిసేది. పెళ్ళయినా నేను మర ఉద్యోగం మానలేదు. ఒక ఏడు మా బండి వచ్చింది. గింజ కోశాను. లోపల సున్నం. ఇంకొకటి కోశాను, సున్నం. గుప్పెడు మొత్తం కోశాను. గాజులాంటిది ఏరితే దొరకలేదు. ముద్ద కడిగితే జిగురు చేతిలో నిలవకుండా గంజితో పాటు జారిపోయింది. పెద్దాయన వచ్చి చూసి, "ఇది రొట్టెకు పనికిరాదు. పశువుల దాణాలోకి పోవాలి. నువ్వే చెప్పమ్మా, నేను చెప్పలేను" అని వెళ్ళిపోయాడు. వరసలో ఉన్నవాళ్ళందరూ వింటున్నారు. నేను బయటికి వచ్చి, "దాణా వైపు తిప్పండి" అన్నాను. నా భర్త నన్నో క్షణం చూశాడు. ఎడ్ల పగ్గం పట్టుకుని బండి తిప్పుకుపోయాడు. ఆయన నా ముఖంలోకి తిన్నగా చూసిన మొదటి చూపు అది. అలాంటిది కోరుకోలేదు నేను.

ఆ సాయంత్రం కంచం ముందు చెప్పాను. "విత్తనం మార్చమనడం లేదండీ. వెనక మడిలో వేసుకుని దాన్ని కాపాడుకుందాం. పెద్దచేనులో ఒక్క ఏడు ఇంకేదైనా వేద్దాం."

"ఆమె విత్తింది అక్కడ" అన్నాడు.

అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న రకమైతే పోట్లాడవచ్చు. ఆయన గొంతులో మొండితనం లేదు. పిల్లాడు బొమ్మను వదలనప్పుడు ఉండే భయం ఉంది. నేను కంచాలు తీసేశాను.

ఆ తరువాతి ఏడు తెల్లకంకులు వచ్చాయి. చేను ఇంకా పచ్చగా ఉండగానే అక్కడక్కడా కంకులు పాలిపోయి నిటారుగా నిలబడ్డాయి. పీకితే వేరు నల్లగా కుళ్ళి తెగి వచ్చేది, కంకిలో ఊక తప్ప లేదు. వారం తిరిగేసరికి చేను నెరిసిపోయింది. మరిది వచ్చి గట్టు మీద నిలబడి తల గోక్కుని, "ఇంకో రెండు బస్తాలు..." అని మొదలుపెట్టాడు గాని అన్నయ్య ముఖం చూసి ఆపేశాడు. మళ్ళీ విత్తడానికి అక్క విత్తనం గాదెలో కొంచెమే ఉంది.

ఆ రోజు గిలక కూడా చేనులో ఉంది. అప్పటికి ఎత్తు ఎదిగింది, జడలు తనే వేసుకుంటోంది. నల్లబడ్డ వేరు చేతిలో పట్టుకుని, మామూలుగా వాగుతున్నట్టే అంది: "అమ్మ ఉన్నప్పుడు ఇక్కడ బఠాణీలు ఉండేవి కదా నాన్నా. నేను కాయలు వొలుచుకుని పచ్చివే తినేదాన్ని. కడుపు నొప్పొస్తే అమ్మ తిట్టింది. ఆ ఏడు పసుప్పచ్చ పూలు కూడా ఉండేవి, ఆవాలవి. అమ్మ ఎప్పుడూ ఒకటే వేసేది కాదు."

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. నా బల్ల మీద గాజులా మెరిసిన ఆ మొదటి గుప్పెడు గోధుమ బఠాణీ పండి సత్తువ పుంజుకున్న నేలలో పండిందన్న మాట. అక్క బతికుంటే ఈపాటికి ఆ చేనులో ఎన్ని పంటలు మార్చి ఉండేదో. ఆయన ఇన్నేళ్ళూ పట్టుకుని వేలాడింది ఆమె పద్ధతిని కాదు, ఆమె ఒక్క ఏటి పనిని. "నాకు గుర్తులేదే" అన్నాడు ఆయన, ఎవరితోనో. "నాకెందుకు గుర్తులేదు?" గిలక వెళ్ళి ఆయన పక్కన కూర్చుని భుజానికి తల ఆనించింది. నేను కొంచెం దూరంలోనే నిలబడ్డాను. ఆ గట్టు మీద ముగ్గురికి చోటుందని నాకప్పటికింకా నమ్మకం లేదు.

మిగిలిన అక్క విత్తనాన్ని వెనక మడిలో వేసి, పెద్దచేనులో బఠాణీ వేశాం. మొదటి ఏడు నా పరువు పోయింది. మొక్క బెత్తెడు కూడా ఎదగలేదు, ఆకు ముదురురంగుకు తిరిగి ముడుచుకుంది, కాయ బొత్తిగా లేదు. పప్పుజాతి మొక్క గాలిలోని నత్రజనిని వేళ్ళలోకి తెచ్చుకుంటుందని నాకు తెలుసు. దానికి భాస్వరం కావాలని, అది గాలిలో దొరకదని ఆలోచించలేదు. మరిదితో నేను అప్పటికి మాటలు మానేసి ఉన్నాను. ఆయనా మానేశాడు. ఒక ఉదయం లేచి చూస్తే గట్టు మీద భాస్వరం ఎరువు బస్తాలు దించి ఉన్నాయి. దించిన మనిషి రోడ్డెక్కి వెళ్ళిపోతూ, వెనక్కి తిరగకుండానే గాలిలోకి అన్నాడు: "బఠాణీలైనా ఏదో ఒకటి తినాలి కదా వదినా." ఆయన చెప్పింది నిజం. ఎరువు పాపం కాదు, నేల ఏది అడుగుతోందో చూడకుండా అలవాటుగా కుమ్మరించడం పాపం. ఆ మాట ఆయన ముఖం మీద ఒప్పుకోలేదు. ఇక్కడ ఒప్పుకుంటున్నాను, ఆయన దీనికి సాక్షిగా సంతకం పెట్టే ముందు చదువుతాడు కనుక.

మరుసటి ఏడు మళ్ళీ బఠాణీయే, ఈసారి భాస్వరంతో. ఒక రోజు నేను పరీక్ష గదిలో ఉన్నాను. బళ్ళ కాలం కాదు, మరలో రొద లేదు. చూస్తే నా భర్త తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన ఆ గదిలోకి ఎన్నడూ అడుగుపెట్టి ఎరగడు. బురద కాళ్ళతో లోపలికి వచ్చి, చేతిలో ఉన్న బఠాణీ మొక్కను మట్టితో సహా నా తెల్ల బల్ల మీద పెట్టాడు. వేళ్ళ నిండా బుడిపెలు, ఆవగింజలంత, మిరియాలంత. ఒకదాన్ని గోటితో చిదిమాడు. లోపల గులాబీరంగు. అలా ఉంటేనే అవి గాలిలోని నత్రజనిని పట్టే పని చేస్తున్నట్టు.

"చూడు" అన్నాడు.

నేను బుడిపెలు చూశాను. తల ఎత్తేసరికి ఆయన బుడిపెల్ని చూడడం లేదు, నన్ను చూస్తున్నాడు. గట్టు మీద మొలకల్ని చూసినట్టే చూస్తున్నాడు. అంతకన్నా ఏమీ జరగలేదు. పెద్దాయన లోపలికి వచ్చి బల్ల మీద మట్టేమిటని అరిచాడు. ఆ మట్టిని నేనా రోజు తుడవలేదు.

బఠాణీ తరువాత గోధుమ వేశాం. వెనక మడిలో కాపాడిన అక్క విత్తనమే. యూరియా ముందటిలో సగం, అదీ ఒకేసారి కాదు. కొంత మొదట, కొంత దుబ్బు కట్టాక, చివరి చిటికెడు కంకి బయటికి వచ్చే వేళకి. నేల పొడిపొడిగా వేళ్ళ మధ్య జారింది. తెల్లకంకి కనిపించలేదు. మర దగ్గర మా బండి వచ్చినప్పుడు పెద్దాయన నన్ను గింజ ముట్టుకోనివ్వలేదు, ఇంటివాళ్ళ సరుకని. తనే కోశాడు. "తేనె" అన్నాడు. ఆ ముద్ద కడిగిన జిగురును గిలక కోసం తడిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను. అది దాన్ని సాగదీసి సాగదీసి కిటికీ వెలుగుకు పట్టి, "దీంట్లోంచి నువ్వు కనిపిస్తున్నావు పిన్నీ" అంది. అది రొట్టెలు కాల్చే పనిలోకి వెళ్ళిందంటే దానికి కారణం నేనేనని మరిది తిడుతుంటాడు. ఆ తిట్టు నాకు ఇష్టం.

అటు తరువాత బఠాణీ, గోధుమ, ఆవాలు, మధ్యలో ఒక ఏడు దున్నేయడానికే పచ్చిరొట్ట, అలా తిరుగుతూ వచ్చింది మా చేను. మేమూ దానితో పాటే పెద్దవాళ్ళమయ్యాం. ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరినప్పుడు దస్తావేజు రాయించాడు. నేనే అడిగాను, గిలకకు రాయకుండా నాకెందుకని. "అది నా కూతురు. నా పోలికే. నేను పోతే నేను వేసిందే వేస్తూ కూర్చుంటుంది" అన్నాడు. కాసేపు దగ్గి, "నువ్వు మారుస్తావు" అన్నాడు.

ఇదీ జవాబు. ఆయన నాకు చేను ఇచ్చింది ప్రేమ వల్లా, వ్యవసాయం వల్లా అని నేను చాలాకాలం ఆలోచించాను. ఆ రెంటినీ విడివిడిగా కొలిచే తక్కెడ మా ఇంట్లో లేదు.

ఆయన పోయిన నాటికి చేనులో బఠాణీ పూత మీద ఉంది. కాయ కోయించాను. తరువాత వంతు గోధుమది. విత్తే రోజులు దగ్గరపడ్డాయి. నేను పొద్దున్నే వెళ్ళి ఖాళీ చేను గట్టు మీద నిలబడేదాన్ని. ఆయన చేతి కింద చివరగా పెరిగింది బఠాణీ. మళ్ళీ బఠాణీయే వేస్తే, ఏటేటా అదే వేస్తే, పూత వచ్చినప్పుడల్లా ఆయన ఆ చాళ్ళ మధ్య వంగి నిలబడినట్టే ఉంటుంది కదా అనిపించింది. ఎన్నో ఏళ్ళ కిందట టీ కప్పు పట్టుకుని ఆయన పక్కన నిలబడి ఈ మనిషికి ఇదేం పిచ్చి అనుకున్నాను. ఆ పిచ్చి ఎంత తియ్యగా ఉంటుందో అప్పుడు తెలియదు. మరిది వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఏం వేస్తావు వదినా?" అని అడిగాడు. "గోధుమ" అన్నాను. ఆ మాట నోటి నుంచి బయటికి రావడానికి పట్టిన బలం నేను ఏ బస్తా ఎత్తడానికీ వాడలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని, ట్రాక్టరు తానే తెస్తానన్నాడు.

5. గాదెలో మట్టి కుండలో బూడిద కలిపి ఉంచిన గోధుమ విత్తనం అక్కది. చట్టం ప్రకారం అది నాకు ఎలా సంక్రమించిందో లాయరమ్మకు తేల్చడం రాలేదు. ఎలా వచ్చినా, దాన్ని గిలకకు ఇస్తున్నాను. పెద్దచేనులో గోధుమ వంతు కాని ఏడు దాన్ని వెనక మడిలో వేసి మొలక శక్తి నిలుపుకోవచ్చు. వేయడం వీలుకాకపోతే పిండి చేసుకుని ఒక రొట్టె కాల్చుకుని తిన్నా సరే. ఏ తప్పూ లేదు. వాళ్ళమ్మ చేతి విత్తనం వాళ్ళమ్మాయి కడుపులోకి వెళ్ళడం దానికి తగిన చోటే.

6. మా మరిదికి నేను ఏమీ ఇవ్వడం లేదు. కారణం ఇది: సాక్షి సంతకం పెట్టేవారికి ఆస్తి రాస్తే చెల్లదని లాయరమ్మ చెప్పింది. ఆయన భార్యకు రాసినా చెల్లదట. ఈ చట్టం చేసినవాళ్ళకు కూడా మరుదులుండి ఉంటారు. పెద్దచేను తన చేనులో కలిసిపోవాలని ఆయనకు మొదటి నుంచీ ఆశ. అది గిలకకు పోతోందని తన కళ్ళతో చూసి తన చేత్తో సంతకం పెట్టే మనిషి నాకు ఆయనే కావాలి. ఆయన పెడితే ఇంకెవరూ వేలెత్తి చూపరు. ఎరువు విషయంలో గిలక ఆయన్ని సలహా అడగవచ్చు. సగం వినాలి. ఏ సగమో నేలే చెబుతుంది. గట్టు సంగతి మాత్రం అడగనక్కర లేదు, కొలిపించుకోవాలి.

7. పెద్దచేనులో ఏ పంట వేయాలన్నది ఈ వీలునామాలో షరతుగా పెట్టడం లేదు. పెడదామా అని లాయరమ్మ రెండుసార్లు అడిగింది. నేను పోయే నాటికి అక్కడ ఏ పంట నిలబడి ఉన్నా అది కోతకు వచ్చాక కోయాలి, తరువాత వంతు దేనిదో దాన్ని వేయాలి. నా గుర్తుగా ఏ మొక్కనూ ఒక్క ఏడు కూడా ఎక్కువ ఉంచకూడదు. ఇది షరతు కాదు, మనవి.

మొన్న గిలక వచ్చింది. పట్నంలో బట్టీని పనివాళ్ళకు అప్పగించి వారంలో సగం రోజులు ఇక్కడే ఉంటానంది. రాగానే నా దగ్గర కూర్చోకుండా చేనులోకి వెళ్ళింది. బూట్ల నిండా మట్టితో తిరిగి వచ్చి మంచం అంచున కూర్చుంది. "ఈసారి ఏం వేస్తావే?" అని అడిగాను. నా మనసులో ఒక జవాబు ఉంది. అది చెబుతుందేమోనని చూశాను.

"తెలీదు పిన్నీ. తవ్వి చూడాలి. మట్టి పరీక్షకు పంపిస్తా. కాలువ పక్క మూల నాకేదో తేడాగా కనిపిస్తోంది. అక్కడ ఇంతవరకు మనం వేయనిదేదో వేసి చూద్దామనుంది" అంది. ఏదో నాకు చెప్పలేదు. దానికే ఇంకా తెలియదు. అలా మాట్లాడుతూనే నా కాళ్ళ మీద దుప్పటి సరిచేసి, వేళ్ళకున్న మట్టిని దులుపుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

అది ఏం వేస్తుందో చూడాలని నాకు చాలా ఉంది. ఆ మూల ఏం మొలుస్తుందో, దాని పువ్వు ఏ రంగో, దాని తరువాత పండే గోధుమ గింజ కోస్తే లోపల ఎలా ఉంటుందో. నా ఆస్తి యావత్తూ పై క్లాజుల్లో పంచేశాను. ఈ ఒక్క కోరికను ఎవరికీ రాయలేదు, నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

పైన రాసినదంతా లాయరమ్మ నాకు చదివి వినిపించగా విని, ఒకచోట ఆపి నవ్వి, ఒకచోట ఆపమని చెప్పి మళ్ళీ చదివించుకుని, సరేనని నమ్మి, నా సొంత చేత్తో సంతకం చేస్తున్నాను.

తేదీ: నవంబరు పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం. చేను దుక్కి అయి ఉంది, ఇంకా ఏమీ విత్తలేదు.

సంతకం: పెద్దచేను రైతు

సాక్షులు:
పిండి మర పెద్దాయన (కూర్చుని సంతకం చేశారు)
ఎరువుల కొట్టు యజమాని, పై ఆమెకు మరిది

దస్తూరీ: లాయరమ్మ